సవరణ: ఏకలవ్య పాఠశాలల స్టాఫ్ నర్సు అర్హత

గిరిజన విద్యార్థుల కోసం నడిచే కేంద్ర ప్రభుత్వ ఏకలవ్య గురుకులాల్లో స్టాఫ్ నర్సు ఉద్యోగానికి జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) చాలని మొన్నటి పోస్టులో రాశాం. అది తప్పు. 2025 నోటిఫికేషన్ ప్రకారం బీఎస్సీ నర్సింగ్ ఉండాలి. జీఎన్‌ఎం తర్వాత పోస్ట్ బేసిక్ బీఎస్సీ చేసినా సరే. ఏదైనా రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఆ నోటిఫికేషన్‌లో ఉద్యోగాలు 550, మహిళలకే.

అసలు చిక్కు అనుభవం దగ్గరే: కనీసం 50 పడకల ఆస్పత్రిలో రెండున్నరేళ్లు, అదీ డిగ్రీ పూర్తయ్యాకే. చదువుకునే రోజుల్లోని క్లినికల్ డ్యూటీలు ఇందులోకి రావు. చిన్న నర్సింగ్ హోమ్ సర్టిఫికెట్ కూడా పనికిరాదు. అందుకే సర్టిఫికెట్‌లో చేరిన తేదీ, మానేసిన తేదీలతోపాటు పడకల సంఖ్యనూ ఇప్పుడే రాయించుకోండి. ఊరు మారాక ఆ కాగితం కోసం తిరగడం నరకం.