కొత్త రంగు కింద పాత తుప్పు

సెకండ్ హ్యాండ్ 4x4 బండి (నాలుగు చక్రాలకీ పవర్ వెళ్లేది) చూడ్డానికి వెళ్తే, "సింగిల్ ఓనర్ సార్, ఆఫ్‌రోడ్ మొహమే చూడలేదు" అంటాడు అమ్మేవాడు. కింద దూరి చూస్తే ఛాసిస్ (బండి కింది ఇనుప చట్రం) నిండా నిన్న కొట్టిన నల్లరంగు. స్క్రూడ్రైవర్‌తో అలా తట్టానో లేదో, పెచ్చు ఊడి తుప్పు నా మొహం మీదే రాలింది. చక్రాలకి పవర్ పంచే డిఫరెన్షియల్ నుంచి ఆయిల్ తీయిస్తే పాలు కలిపిన కాఫీలా ఉంది. అంటే లోపలికి నీళ్లు వెళ్లాయి. వాగులో దించకుండానే వెళ్లాయా మరి? బురదలో, ఎత్తుల్లో లాగడానికి వాడే లో రేంజ్ గేరు వేసి చూపించమంటే లివర్ కదలదు. "వాడక బిగుసుకుంది, అంతే" అట! నాలుగు టైర్లూ నాలుగు రకాలు, పైన ఎల్‌ఈడీ బార్ మాత్రం ధగధగ.

నా బడ్జెట్టే అంతంతమాత్రం. అందులో కొంత రిపేర్లకి మిగుల్చుకోవాలి, తగ్గించమన్నాను. "ఇంకో పార్టీ వస్తోంది, సాయంత్రంలోగా చెప్పండి" అని టెన్షన్ పెడతాడు. రానీ, ఆ పార్టీనే కింద దూరి చూసుకోమను.