ఊరిచుట్టు బాట గారికి ఒక మనవి

మహారాజశ్రీ తిరుపతి ఊరిచుట్టు బాట గారి సముఖమునకు,

నడకకే పేరుపడ్డ ఊరిలో తమరిని మాత్రం ఎవరూ పట్టించుకోకపోవడానికి కారణం తమరి గుణంలోనే ఉన్నది. అలిపిరి దారిలో 3550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో 2388 మెట్లు ఎక్కినవారికి పైన స్వామి ఉన్నాడు, లడ్డు ఉన్నది. కపిలతీర్థం దగ్గర బయలుదేరి, కొండ అడుగునే శ్రీనివాస మంగాపురం చేరి, తొండవాడలో స్వర్ణముఖి ఒడ్డు పట్టుకుని, పేరూరు, తిరుచానూరు, యోగిమల్లవరం దాటి, కరకంబాడి వైపు నుంచి మళ్లీ కపిలతీర్థానికే వచ్చిపడేవాడికి తమరు ఇచ్చేదేమిటి? కాళ్లరిగేలా తిప్పి, ఎక్కిన చోటే దింపడానికి మాకు ఆటోలు చాలవా?

ప్రదక్షిణం మాకు గిట్టదనుకోకండి. పౌర్ణమి వస్తే బస్సుల్లో కిక్కిరిసి అరుణాచలం వెళ్లి, అక్కడ 14 కిలోమీటర్లు చెప్పులు లేకుండా నడిచి, తెల్లవారి మన బస్టాండులో దిగి, రెండు వీధుల అవతలి ఇంటికి ఆటో మాట్లాడుకునేవాళ్లం మేమే.

ఇంగ్లండులో తమరి జ్ఞాతులు దర్జాగా బతుకుతున్నారు. లండన్ చుట్టూ సుమారు 240 కిలోమీటర్ల నడక దారి ఉన్నది; పొలం మధ్యగా పోయే కాలిబాటను విత్తనం కోసం దున్నిన రైతు 14 రోజుల్లోగా దానిని మళ్లీ నడవదగినట్టు చేయాలని అక్కడి చట్టం. ఇక్కడ తమరికి ఆ బెడద లేదు, దున్నడానికి పొలమే మిగలలేదు. చెరువు కట్ట దిగి వంక దాటగానే పసుపు రంగు పూసిన హద్దురాళ్లు, వాటి మధ్య ఎర్రమట్టి రోడ్డు, ముందు సిమెంటు ఆర్చి. ఆర్చికి తలుపు లేదు. పక్కనున్న తమరికి మాత్రం ముళ్లకంప. కుర్చీలోని కావలి మనిషి "ఎన్ని అంకణాలు చూస్తున్నారు సార్?" అని మర్యాదగా అడుగుతాడు. ఊరికే నడవడానికి వచ్చామంటే పాపం అన్నట్టు చూస్తాడు.

అతని తప్పేమీ లేదు. తిరుపతిలో అంకణం 36 చదరపు అడుగులు. మూడడుగుల వెడల్పున తమరు కిలోమీటరు పొడవు పడుకుంటే సుమారు 270 అంకణాలు. అంత స్థలంలో ఊరికే పడుకునే యోగ్యత ఈ ఊళ్లో ఎవరికి ఉన్నది? గ్రామ పటంలో చుక్కల గీతగా ఉన్నానని తమరు మురిసిపోవచ్చు గానీ, రిజిస్ట్రేషనుకు వచ్చేవారు చుక్కలు లెక్కపెట్టరు.

కనుక దయచేసి, దారిలో ఇందరు దేవుళ్లుండగా తమరే ఒక పౌర్ణమికి స్థలమహాత్మ్యం ప్రకటించుకోండి. పుణ్యమన్న మాట చెవిన పడితే ఆ కావలి మనిషే ముళ్లకంప పక్కకు లాగి, చెప్పులకు టోకెను ఇచ్చి దారి చూపిస్తాడు.

ఇట్లు,
తమరి విధేయుడు