పులిని ఎవరూ లారీలో తెచ్చి వదల్లేదు

ఆ వాయిస్ మెసేజ్ మళ్లీ తిరుగుతోంది. ఏదో ఊళ్లో ఆవుదూడను ఏదో జంతువు చంపిందని వార్త వస్తే చాలు, శ్రీకాకుళం జిల్లా ఇచ్ఛాపురం నుంచి విజయనగరం జిల్లా గజపతినగరం దాకా ప్రతి గ్రూపులోకీ వచ్చి పడుతుంది. అందులో చెప్పేది ఇదీ: "మన జిల్లాలో పులి ఏనాడూ లేదు. ఫారెస్టోళ్లు రాత్రిపూట బోను బండిలో తెచ్చి మందస కొండల దగ్గర గుట్టుగా వదిలారు. ఉద్దానంలో ఎలుగుల్ని వదిలింది కూడా వాళ్లే. మనం భయపడి తోటలూ పోడూ వదిలేస్తే భూములన్నీ అభయారణ్యంలో కలిపేసుకుంటారు. అందరికీ పంపండి." దాని వెనకే ఒక వీడియో.

వరి కోసి, రాత్రిళ్లు కళ్లంలో కాపలా పడుకునే రైతు ఈ మాట వింటే ఆ రాత్రి నిద్రపోతాడా? అందుకే ఒక్కో మాటకీ జవాబు రాస్తున్నాను.

"పులి ఏనాడూ లేదు, అంటే ఎవరో తెచ్చారు." పులికి జిల్లా హద్దులు తెలియవు. మందసలో నిలబడి చూస్తే కనబడే మహేంద్రగిరి ఒడిశాలోని గజపతి జిల్లాలో ఉంది. అటు కొండల్లో తిరిగే జంతువు ఒక్క రాత్రిలో ఇటు దిగిపోగలదు. 2023లో ఆ మహేంద్రగిరి అడవిలోనే ఒక మగపులి కనిపించింది. దాని ఫొటో తీసి ఒంటిమీది చారలు పోల్చి చూస్తే, మహారాష్ట్రలోని బ్రహ్మపురి అడవుల పులి అని తేలింది. చారలు మన వేలిముద్రల్లాంటివి, ఏ రెండు పులులకూ ఒకేలా ఉండవు. ఛత్తీస్‌గఢ్, ఒడిశా, ఆంధ్రా దాటుకుంటూ దాదాపు 2,000 కిలోమీటర్లు నడిచి వచ్చిందది. లారీ ఎక్కలేదు. రెండేళ్ల వయసు దాటిన మగపులి తల్లిని వదిలి, సొంత చోటు వెతుక్కుంటూ బయల్దేరుతుంది. పగలు ఏ తుప్పల్లోనో పడుకుని రాత్రంతా నడుస్తుంది. 2022లో కాకినాడ జిల్లా ప్రత్తిపాడు వైపు మొదలైన పులి అనకాపల్లి మీదుగా మన విజయనగరం జిల్లా దాకా ఎలా వచ్చిందో ఆ నెలల పేపర్లు తిరగేస్తే ఊరి పేర్లతో సహా దొరుకుతుంది.

"బోను బండి మా కళ్లతో చూశాం." చూసే ఉంటారు, అబద్ధం అనను. పులి తిరుగుతోందని తెలిస్తే ఫారెస్టు వాళ్లు బోను తెస్తారు, చెట్లకు కెమెరాలు కడతారు, రాత్రంతా జీపులో తిరుగుతారు. ప్రత్తిపాడు దగ్గర వారాల తరబడి బోనులు పెట్టినా ఆ పులి చిక్కలేదు. కాబట్టి పులి వచ్చాక బండి వచ్చింది, బండిలో పులి రాలేదు. ఏ తేదీన పశువు చచ్చింది, ఏ తేదీన బండి కనబడిందని ఊళ్లో నలుగురినీ అడిగి వరస పెట్టి చూడండి, మీకే తెలుస్తుంది.

ఇక అసలు మాట, "గుట్టుగా వదిలారు." దీని గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి. పులుల్ని ఒకచోటి నుంచి మరోచోటికి తరలించడం దేశంలో జరుగుతుంది, జరగదని ఎవరూ అనడం లేదు. అయితే ఎలా జరుగుతుంది? 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం పులిని తరలించాలంటే కేంద్రం అనుమతి ఉండాలి. జాతీయ పులుల సంరక్షణ సంస్థ ఒప్పుకోవాలి. పట్టిన పులి మెడకు రేడియో కాలర్, అంటే అది ఎక్కడ తిరుగుతోందో తెలిపే పట్టీ, వేస్తారు. పక్కనున్న ఒడిశాలోనే 2018లో సత్కోసియా అడవికి మధ్యప్రదేశ్ నుంచి రెండు పులుల్ని తెచ్చారు, మహావీర్ అని ఒకటి, సుందరి అని ఒకటి. ఆ సంగతి దేశమంతా తెలుసు. మహావీర్ ఆ ఏడాది నవంబరులోనే చచ్చిపోయింది. సుందరి మనుషుల్ని చంపిందని చుట్టుపక్కల ఊళ్లు తిరగబడితే పట్టి బోనులో ఉంచి, చివరికి 2021లో మధ్యప్రదేశ్‌కే తిప్పి పంపారు. సర్కారుకు ఇంత పరువు తక్కువ వ్యవహారం, అదైనా దాగిందా? 2024లో మహారాష్ట్రలోని తడోబా నుంచి ఒడిశాలోని సిమిలిపాల్‌కు తెచ్చిన జీనత్ అనే ఆడపులి అక్కణ్నుంచి తప్పించుకుని జార్ఖండ్ మీదుగా బెంగాల్లో తేలింది. ఇవాళ ఏ అడవిలో ఉంది, నిన్న ఏ ఊరు దాటింది అని రోజూ వార్తలే. డిసెంబరు చివర్లో బాంకురా జిల్లాలో మత్తు సూది వేసి పట్టుకున్నారు. వదిలిన పులి అంటే అలా ఉంటుంది: పేరుంటుంది, మెడకు కాలర్ ఉంటుంది, ఫైలుంటుంది. మన వైపు కెమెరాలో పులి పడితే ముందు దాని మెడ చూడండి.

ఎలుగుల సంగతి. "తిత్లీ తుపానులో తోటలు పోయాక ఎలుగుల్ని తెచ్చి వదిలారు" అని ఆ గొంతు ఎంతో ధీమాగా చెబుతుంది. తిత్లీ వచ్చింది 2018 అక్టోబరులో. సోంపేట మండలం ఎర్రముక్కంలో ఎలుగు దాడిలో భార్యాభర్తలు చనిపోయింది, జనం ఆ ఎలుగును కొట్టి చంపింది అదే ఏడాది జూన్‌లో. తుపానుకు నాలుగు నెలల ముందు. ఎలుగులు మన కొండరాళ్ల గుహల్లో ఎప్పటినుంచో ఉన్నాయి. అవి తోటల్లోకి ఎందుకొస్తాయో ఎండాకాలంలో ఏ జీడితోటలోకి పోయినా తెలుస్తుంది. పిక్క తీసుకుని పండు అక్కడే పడేస్తాం. చెట్టు కింద ఎర్రగా, పసుప్పచ్చగా కుళ్లుతూ ఉంటాయి, పులిసిన వాసన దూరానికే తగులుతుంది. పక్కనే పనసచెట్టు మొదట్లో పగిలిన పండు, గట్టున చెదల పుట్ట. ఎలుగుకు ఇంతకన్నా ఏం కావాలి? దానికి చూపు అంతంత మాత్రం. తెల్లవారుజామున పిక్కలేరడానికి వంగిన మనిషి దగ్గరికొచ్చేదాకా దానికి తెలియదు, తెలిశాక బెదిరి మీద పడుతుంది. వీపు మీద పిల్లలుంటే ఇంకా ప్రమాదం. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగిలో ఒక రైతు ప్రాణం తీసిన ఎలుగును మత్తు ఇచ్చి పట్టి విశాఖ జూకు తీసుకెళ్తుంటే దారిలో చచ్చిపోయింది. మన ఊళ్ల నుంచి జూకు వెళ్లిన బండిని, జూ నుంచి ఊళ్లకు వచ్చిన బండిగా తిప్పి చెబుతున్నారు!

"భూములు లాక్కోడానికే." ఈ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. పట్టా చేతికి రాని పోడు రైతు ప్రతిదానికీ భయపడతాడు, అందులో తప్పు లేదు. కానీ పులి నడిచిన నేల అభయారణ్యం అయిపోదు. అలా చేయాలంటే ప్రభుత్వం నోటిఫికేషన్ ఇవ్వాలి, అక్కడివాళ్ల హక్కులు విచారించి తేల్చాలి. 2006 నాటి అటవీ హక్కుల చట్టం ప్రకారం, వన్యప్రాణుల కోసం గిరిజనుల్ని కదిలించాలంటే గ్రామసభ రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. జిరాయితీ భూమి, అంటే సొంత పట్టా భూమి, మీదుగా పులి పోతే ఆ జిరాయితీ ఎక్కడికీ పోదు. పట్టా గురించి పోరాడాల్సింది రెవెన్యూ ఆఫీసులో, గ్రామసభలో. ఈ పుకారు ఆ పోరాటాన్ని పక్కదారి పట్టిస్తోంది, నాకు ఎక్కువ కోపం తెప్పించేది అదే.

వీడియో గురించి రెండు ముక్కలు. బోను తలుపు తీయగానే జంతువు దూకి పరుగెత్తే వీడియోలు చాలావరకు, ఎక్కడో ఊళ్లోకి వచ్చినదాన్ని పట్టి తిరిగి అడవిలో వదిలేటప్పుడు తీసినవి. సుందర్బన్స్‌లో పడవ మీంచి పులి నీళ్లలోకి దూకే వీడియో కూడా అలాంటిదే. సౌండ్ పెట్టి వినండి, మాట్లాడే భాష ఏదో తెలిసిపోతుంది.

ఇంత పట్టుదలగా ఎందుకు రాస్తున్నానంటే, ఈ మాట నమ్మిన ఊరు ఫారెస్టు వాళ్లను పొలిమేరలోనే ఆపేస్తుంది. అడుగుల గుర్తులు చెరిపేస్తుంది. చచ్చిన పశువు మీద పురుగుల మందు చల్లుతుంది, పొలం చుట్టూ కరెంటు తీగ కడుతుంది. ఆ తీగకు పులికన్నా ముందు నీళ్లు కట్టడానికి వెళ్లిన మన మనిషే తగులుకుంటాడు. పశువు పోయినవాళ్లు కోపంతో దాన్ని వెంటనే పూడ్చేయకండి. ఫొటో తీసి, ఫారెస్టు వాళ్లనూ పశువుల డాక్టరునూ పిలిచి పంచనామా రాయించుకోండి, నష్టపరిహారానికి ఆ కాగితమే ఆధారం.

అధికారులకూ ఒక మాట. "భయపడవద్దు, అప్రమత్తంగా ఉండండి" అని ఒక్క ముక్క చెప్పి ఊరుకుంటే, మిగతా కథ వాయిస్ మెసేజ్ చెబుతుంది. కెమెరాలో పడిన ఫొటో, అది ఎటు వెళ్లిందో, ఆ రాత్రి ఏ ఊళ్లవాళ్లు కళ్లాల్లో పడుకోకూడదో రోజూ పొద్దుగూకేలోగా ప్రతి పంచాయతీ గ్రూపులో పెట్టండి. పరిహారం ఎవరికి ఎప్పుడు ఇచ్చారో కూడా అక్కడే పెట్టండి.