ఆర్.ఎల్.9-10.2 గారి దివ్య సముఖానికి

మహారాజశ్రీ ఆర్.ఎల్.9-10.2 గారికి, అంటే అమెరికా బళ్లలో తొమ్మిది, పది తరగతుల సాహిత్య పాఠాలకు పెట్టిన ప్రమాణాల (స్టాండర్డుల) వరుసలో రెండో నెంబరు వారికి, పదో తరగతి ఇంగ్లిష్ పంతులమ్మ నమస్కరించి రాసుకునే విన్నపం.

తమరు క్షేమమని తలుస్తాను. తమకేం, లామినేషన్ చేసి గోడకు అంటించిన ప్రాణం. నా సంగతే బాగాలేదు. నిన్న మధ్యాహ్నం వాక్‌త్రూకి, అదే క్లాసు తనిఖీకి, వచ్చిన మేడమ్ గారి రిపోర్టు ఇవాళ మెయిల్లో దిగింది. ‘స్టాండర్డుతో అలైన్‌మెంట్’ అనే గడిలో నాకు ‘డెవలపింగ్’, అంటే ఇంకా ఎదగాలి అనే మార్కు, పడింది. ముందు కృష్ణా జిల్లాలో, తర్వాత ఈ దేశంలో పాఠాలు చెప్పీ చెప్పీ జుట్టు తెల్లబడింది, ఇంకా డెవలప్ అవుతూనే ఉన్నానట. కారణం కూడా దయచేశారు: ఏం నేర్చుకుంటున్నావని అడిగితే విద్యార్థి లర్నింగ్ టార్గెట్, అంటే ఈ పాఠంలో నేర్చుకోవాల్సింది ఇదీ అని బోర్డు మీద రాసే వాక్యం, చెప్పలేకపోయాడు.

ఆ పిల్లవాడు ఏం చెప్పాడో రిపోర్టులో లేదు. తమకు నేనే మనవి చేసుకుంటాను.

బోర్డు మీద తమ నామధేయం పొద్దున్నే రాశాను. దాని కింద “నేను ఇతివృత్తాన్ని గుర్తించగలను, అది రచన పొడవునా ఎలా ఎదిగిందో విశ్లేషించగలను” అని, పిల్లలు అనుకుంటున్నట్టుగా, వాళ్ల తరఫున నేనే రాశాను. పదిహేనేళ్ల పిల్లలెవరూ పొద్దున లేచి అలా అనుకోరు. అయినా రాయాలి కనుక రాశాను. పాఠం ఆంటిగొనీ అనే నాటకం. రాజు క్రెయాన్ ఆజ్ఞ: దేశద్రోహి శవాన్ని ఎవరూ పూడ్చకూడదు. ఆ శవం ఆంటిగొనీకి అన్న. ఆ పిల్ల వెళ్లి గుప్పెడు మట్టి చల్లి వచ్చింది. రెండువేల నాలుగొందల ఏళ్ల కిందటి గ్రీకు గొడవ. మా క్లాసులో నిన్నే జరిగినట్టు కొట్టుకుంటున్నారు.

సరిగ్గా అప్పుడే మేడమ్ గారు ట్యాబ్లెట్ పట్టుకుని లోపలికి వచ్చారు. వెనక బెంచీలో ఉన్నవాడి పక్కన గొంతుక్కూర్చుని, ఏం నేర్చుకుంటున్నావు నాన్నా అని అడిగారు. వాడు తల తిప్పకుండా, “రాజుగారి మాట వినాలా, చచ్చిపోయిన అన్న మీద మట్టి వేయాలా అని చూస్తున్నాం. మా అమ్మయితే మట్టే వేస్తుంది” అన్నాడు. ఎందుకు నేర్చుకుంటున్నావు అని రెండో ప్రశ్న. “ఎందుకంటే క్రెయాన్‌ది తప్పు కాబట్టి.”

అయ్యా, సెప్టెంబరు నుంచీ వాడు నోరు విప్పడం కోసం నేను ఎదురుచూస్తున్నాను. విప్పాడు. మేడమ్ గారు ఒక గడిలో గీత గీసుకుని లేచి వెళ్లారు. విందుకు పిలిస్తే వచ్చి, విస్తళ్ల కొలతలు రాసుకుని, ముద్ద నోట పెట్టకుండా వెళ్లిపోయినట్టు.

ఇతివృత్తం గుర్తించడమంటే వాడు చేసింది కాకపోతే మరేమిటో తమరే సెలవివ్వాలి. రాజాజ్ఞకీ రక్తసంబంధానికీ మధ్య నలగడం ఈ నాటకం ఇతివృత్తమని గైడ్లన్నీ రాస్తాయి. వాడు గైడు చూడకుండా అదే చెప్పి, అందులో వాళ్ల అమ్మను కూడా నిలబెట్టాడు. కాకపోతే తమ నిబంధనలో చివర ఒక ముక్క ఉంది కదా, సొంత అభిప్రాయం కలపకుండా సారాంశం చెప్పాలని. అమ్మ వచ్చిందంటే అభిప్రాయం వచ్చినట్టే. గడి ఖాళీ.

తమ జనకుల్లో ముఖ్యుడు డేవిడ్ కోల్మన్ గారు 2011లో ఒక సభలో, పిల్లల చేత సొంత అనుభవాలు రాయించడం గురించి చెబుతూ, పెద్దయ్యాక నీ మనసులో ఏముందో ఈ లోకానికి అక్కర్లేదని ఒక నాటు మాట కలిపి మరీ సెలవిచ్చారు. మరుసటి ఏడే ఎస్.ఏ.టి. పరీక్ష పెట్టే కాలేజ్ బోర్డుకు పెద్ద అయ్యారు. ఆయన మనసులో ఏముందో మాత్రం దేశమంతా పట్టించుకుంది.

కుటుంబం ప్రస్తావన వచ్చింది కాబట్టి నాలుగు మాటలు. 2010 జూన్‌లో తమరు పుట్టినప్పుడు కామన్ కోర్, అంటే రాష్ట్రాల ఉమ్మడి ప్రమాణాలు, అని ఘనంగా పేరు పెట్టారు. గవర్నర్ల సంఘం, రాష్ట్రాల విద్యాధికారుల సంఘం కలిసి ఎత్తుకున్న బిడ్డ. టెక్సస్, వర్జీనియా మొదటి నుంచీ గడప తొక్కనివ్వలేదు. 2014లో ఇండియానా సాగనంపింది. 2020లో ఫ్లోరిడా తమను తీసేసి వేరేవి పెట్టుకుంది. మా రాష్ట్రం గట్టిది, పేరు చెరిపేసి నెంబర్లు అలాగే ఉంచింది. ఉన్న పాఠాలనే కొత్త టెంప్లేటులోకి ఎక్కించడానికి మాకు ట్రైనింగు డే, చల్లారిన పిజ్జా ఇచ్చారు.

తర్వాత ఆ డెబ్భై–ముప్పై లెక్క. పన్నెండో తరగతికి వచ్చేసరికి పిల్లలు చదివేదాంట్లో నూటికి డెబ్భై పాళ్లు సమాచారం, ముప్పై పాళ్లు సాహిత్యం ఉండాలన్నారు. అన్ని సబ్జెక్టులూ కలిపి చూస్తే అంత అని అక్కడే రాసి ఉంది. మీటింగులో అంతదూరం చదివినవాళ్లు లేరు. సైన్సు సార్ హాయిగా ఉన్నారు. నేను మాత్రం రెండు నాటకాలు తీసేసి, నీటి శుద్ధి మీద వ్యాసం చెబుతున్నాను.

పుస్తకం కష్టాన్నీ, పిల్లలు చదివే స్థాయినీ అంకెల్లో కొలిచే లెక్సైల్ గారి సంగతి ఇంకా ముచ్చట. స్టైన్‌బెక్ రాసిన ‘ది గ్రేప్స్ ఆఫ్ రాత్’కి ఆ కొలబద్ద ఇచ్చిన అంకె 680. అంటే రెండు మూడు తరగతుల పిల్లల స్థాయి. కరువులో ఊళ్లొదిలి వలసపోయిన రైతుల నవల, రాసినాయనకు నోబెల్ వచ్చింది, వాక్యాలు పొట్టిగా ఉన్నాయి కాబట్టి ఎనిమిదేళ్ల పిల్లలకు సరిపోతుందట. అంకెను గుడ్డిగా నమ్మకండి, పంతుళ్లు కూడా చూసి తేల్చాలి అని తమ అనుబంధంలోనే ఆ నవలనే ఉదాహరణగా చూపించారు, పుణ్యాత్ములు. అదీ ఎవరూ చదవలేదు. మనవాళ్లు మాత్రం ఉగాది భోజనాల దగ్గర గోంగూర వడ్డించుకుంటూ “మావాడి లెక్సైల్ పన్నెండొందలు దాటిందండీ, మీవాడిదెంత?” అంటారు. ఏం పుస్తకం చదువుతున్నాడమ్మా అని అడిగితే, ఆ మాట వాళ్లాయన్ని అడగాలంటారు.

ఇవన్నీ పోనిద్దురూ. నన్ను తినేస్తున్నది ఆ గీత.

మొన్న ఇదే క్లాసులో ప్రహ్లాదుడి కథ చెప్పాను. తమ తమ్ముడు ఆరో నెంబరు గారు అమెరికా బయటి సాహిత్యం చదివించమన్నారు కదా, ధైర్యం చేశాను. హిరణ్యకశిపుడు కొడుకును చండామార్కులకు అప్పగించాడు. లర్నింగ్ టార్గెట్ స్పష్టంగా ఉంది: రాజనీతి. కొన్నాళ్లకు పిల్లవాణ్ణి పిలిపించి తొడ మీద కూర్చోబెట్టుకుని అడిగాడు, ఏం నేర్చుకున్నావు నాన్నా అని. వాడు టార్గెట్ వదిలేసి హరి అన్నాడు. తండ్రి గురువుల మీద విరుచుకుపడ్డాడు, గురువులు మేం చెప్పలేదు మహాప్రభో అని వణికారు. లోకంలో మొట్టమొదటి వాక్‌త్రూ అదేననిపిస్తుంది నాకు. చండామార్కులకు కూడా ఆ రోజు డెవలపింగే వచ్చి ఉంటుంది.

కథ అయ్యాక ముందు బెంచీ అమ్మాయి చెయ్యెత్తింది. “ప్రహ్లాదుడికి స్తంభంలోంచి దేవుడొచ్చాడు. ఆంటిగొనీకి ఎవరూ రాలేదు. కాబట్టి ఆంటిగొనీయే ఎక్కువ ధైర్యస్తురాలు” అంది. పక్కనున్నవాడు ఒప్పుకోలేదు. దేవుడొస్తాడని ప్రహ్లాదుడికి ముందే తెలుసా, తెలియదా, తెలియకపోతే ఇద్దరూ సమానమే కదా అన్నాడు. నేను చిన్నప్పుడు ఈ కథ ఎన్నిసార్లు విన్నానో, ఆ ప్రశ్న నాకు ఎప్పుడూ తట్టలేదు. సాయంత్రం ఆ మాటను పాఠప్రణాళికలో ఎక్కించబోతే డ్రాప్‌డౌన్ ఒక్క నెంబరే అడిగింది. ఇతివృత్తమని తమకివ్వనా, పాత్రలని మూడు గారికివ్వనా, పరాయి సంస్కృతని ఆరు గారికా, పాత కథను కొత్తగా వాడుకోవడమని తొమ్మిది గారికా? ఏదో ఒకటి నొక్కి ఇంటికి వచ్చాను.

తమరు పరమ దుర్మార్గులని నేను అనలేను. అంటే కళ్లు పోతాయి. మేం చదువుకున్నప్పుడు గైడులో సారాంశం బట్టీపట్టి, పరీక్షలో దించి, పదికి ఎనిమిది తెచ్చుకున్నాం. ఆ మాట ఏ పంక్తిలో ఉందో చూపించమ్మా అని మమ్మల్ని అడిగిన నాథుడు లేడు. ఇక్కడ తమ అన్నగారు ఆర్.ఎల్.9-10.1 ఆ పని చేయిస్తారు. ఏమన్నా సరే, ఆధారం చూపించు అంటారు. ఆయనంటే నాకు గౌరవం. తమరు అడిగేదీ తప్పు కాదు, మంచి పంతులు ఎవరైనా ఏ నెంబరూ లేకుండా అడిగేదే. మా జిల్లా పరిషత్ హైస్కూలుకి ఇన్‌స్పెక్షన్‌కు వచ్చినాయన కూడా ఏరా, ఏం పాఠం అని అడిగేవారు. పిల్లలు పాఠం పేరు చెబితే, ఒక పద్యం అప్పజెప్పమని, విని, తప్పు దిద్ది, కొబ్బరినీళ్లు తాగి వెళ్లేవారు. ఆయన పద్యం విన్నారండీ. కనీసం విన్నారు.

నిన్న వచ్చినావిడ వినలేదు. ఆవిడ చెవి బోర్డు మీది వాక్యం కోసం కాచుకుని ఉంది. వాడు “ఇతివృత్తాన్ని గుర్తించగలను” అని చిలకలా పలికి, ఆ నాటకంలో ఎవరు చచ్చారో కూడా తెలియకుండా కూర్చుంటే నాకు పైమెట్టు మార్కు, ప్రొఫీషియంట్, వచ్చేది. వచ్చే వారం ఆ వాక్యం పిల్లలందరి చేత వల్లె వేయించమని, పంతుళ్లకు మెళకువలు చెప్పే కోచ్ గారి సలహా. నేను వేయించను. ఏ మొహం పెట్టుకుని వేయించను? మా అమ్మయితే మట్టే వేస్తుంది అన్నవాడి దగ్గరికి వెళ్లి, అది కాదు నాన్నా జవాబు అనమంటారా? సిగ్గుండాలి. తమకు కాదు, తమరు నెంబరు, తమకు సిగ్గెలా ఉంటుంది. తమ పేరు చెప్పుకుని క్లాసుల్లోకి వచ్చేవాళ్లకి.

కోపం వచ్చింది, క్షమించాలి. ఒక చిన్న కోరిక కోరి ముగిస్తాను.

తమ వరుసలో ఏడుకీ తొమ్మిదికీ మధ్య ఎనిమిది గారున్నారు. సమాచార వ్యాసాల దగ్గర ఆయనకు పెద్ద పని, ఎవరి వాదనలో బలముంది, ఎవరు తప్పు అని తేల్చడం. సాహిత్యం దగ్గరికి వచ్చేసరికి ఆయన పేరు పక్కన బ్రాకెట్లో ఒకటే రాశారు: సాహిత్యానికి వర్తించదు. నాటకంలో క్రెయాన్‌ది తప్పా ఒప్పా అని వాదించుకోవడం సాహిత్యానికి వర్తించదన్నమాట! ఆంటిగొనీ రాసిన సోఫోక్లీజ్ గారు వింటే సంతోషిస్తారు.

ఆ గది ఎలాగూ ఖాళీగా ఉంది కనుక నాకు ఇప్పించండి. సోమవారం క్రెయాన్ కొడుకు హీమన్ తండ్రికి ఎదురు నిలబడి వాదించే ఘట్టం ఉంది. సగం మందిని తండ్రి వైపు, సగం మందిని కొడుకు వైపు కూర్చోబెడుతున్నాను. బోర్డు మీద ఎనిమిదే రాస్తాను. డ్రాప్‌డౌన్‌లో ఆ నెంబరు లేదట, చేత్తో రాసుకుంటాను. మేడమ్ గారు మళ్లీ వస్తే ఏదో ఒక వైపు కుర్చీ వేయిస్తాను. ఏ వైపో ఆవిడే తేల్చుకోవాలి.

ఇట్లు,
ఇంకా డెవలప్ అవుతున్న
పదో తరగతి ఇంగ్లిష్ పంతులమ్మ