పిట్టి ప్యాలెస్ నిలిచింది ఇద్దరు ఆడవాళ్ల వల్ల

ఇటలీ ట్రిప్ వెళ్లొచ్చిన మనవాళ్ల పోస్టుల్లో ఫ్లోరెన్స్ పిట్టి ప్యాలెస్ ఫొటో కనబడితే చాలు, కింద ఒకటే మాట: లూకా పిట్టి కట్టించాడు, మెడిచీ ప్రభువులు ఏలారు. నాకిది అస్సలు మింగుడుపడదు.

లూకా పిట్టి బ్యాంకు వ్యాపారి, 1458లో పని మొదలుపెట్టించాడు, ముందువైపు ఏడు కిటికీల వెడల్పు లేచింది, ఆ తర్వాత పలుకుబడి పోయి డబ్బు కరువై 1472లో చనిపోయేనాటికి కూడా ఇల్లు పూర్తికాలేదు. దశాబ్దాల తర్వాత దాన్ని కొన్నది మెడిచీ ప్రభువు కోజిమో అనుకుంటారు. కాదు, ఆయన భార్య ఎలియొనోరా, నేపుల్స్‌లో స్పెయిన్ వైస్రాయ్ కూతురు. వెనక కొండవాలులో బోబోలి తోట పనులు మొదలైంది కూడా అప్పుడే. పాపం, 1562లో కొన్ని వారాల తేడాలో ఇద్దరు కొడుకులూ ఆమే మలేరియాతో పోయారు.

ఇక రెండో ఆవిడ, మెడిచీల ఇంటి ఆడపడుచు అన్నా మరియా లూయిసా. జర్మనీలో కాపురం, పిల్లలు లేరు, 1716లో భర్త పోయాక మళ్లీ పుట్టింటికే వచ్చింది. 1737లో తమ్ముడు జాన్ గస్తోనే కూడా పోవడంతో మెడిచీల పాలన ముగిసింది. ఫ్లోరెన్స్ రాజధానిగా ఉన్న వాళ్ల రాజ్యం టస్కనీ, లొరేన్ వంశానికి వెళ్లాలని యూరప్ రాజులు ముందే తేల్చేసుకున్నారు, ఈ ఇంటివాళ్లని అడిగిందెవరు? రాజ్యాన్ని ఆమె ఆపలేకపోయింది. కానీ అదే ఏడాది అక్టోబర్‌లో కొత్త ప్రభువుతో ఒప్పందం రాయించుకుంది: మా వంశం పోగుచేసిన బొమ్మలు, శిల్పాలు, పుస్తకాలు, నగలు ఏవీ ఫ్లోరెన్స్ దాటకూడదు, అవి జనానికి పనికిరావాలి, బయటి దేశాలవాళ్లు చూడటానికి రావాలి. 1737లో ఈ మాట రాయించడమంటే ఎంత ముందుచూపో ఆలోచించండి!

ఆ ఒప్పందం లేకపోతే ఏమయ్యేదో తెలియాలంటే ఇటలీలోనే ఉన్న మాంటువా నగరాన్ని చూడండి. అక్కడి గొంజాగా ప్రభువులు తమ గొప్ప చిత్రాల్ని 1620లలో ఇంగ్లండ్ రాజు మొదటి చార్లెస్‌కి అమ్మేసుకున్నారు, ఆ రాజు తల తెగాక అవి చాలావరకు అమ్ముడై తలో దిక్కుకీ పోయాయి. పిట్టిలో మాత్రం చిత్రకారుడు రాఫెల్ గీసిన కుర్చీ మడొన్నా (బాల ఏసుతో మేరీమాత బొమ్మ) ఇప్పటికీ గోడమీదే ఉంది.

అన్నా మరియా 1743 ఫిబ్రవరి 18న ఆ ప్యాలెస్‌లోనే కన్నుమూసింది. ఫ్లోరెన్స్ వాళ్లు మరవలేదు, ఆ రోజున ఊరి మ్యూజియాల్లోకి ఉచితంగా రానిస్తారు. మీ తర్వాతి పోస్టులో పిట్టి పేరు పక్కన ఆమె పేరు కూడా రాయండి, ప్లీజ్.