మహారాజశ్రీ సెట్ గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ సెట్ గారి దివ్యసముఖమునకు, బెంగళూరు మారతహళ్లిలో పేయింగ్ గెస్ట్ (పీజీ)గా ఉంటున్న ఒక తెలుగువాడు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి.

ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువు 1989 నాటి రెండో కూర్పులో ఇంగ్లీషు మాటలన్నిటికంటే పొడుగాటి పద్దు ‘సెట్’ అనే తమదే. క్రియగానే 430 అర్థాలు, వాటిని చెప్పడానికి సుమారు 60,000 మాటలు! తర్వాత ‘రన్’ అనే ఆయన 645 అర్థాలతో తమరిని దాటేశాడట. దిగులు పడకండి. ఆ నిఘంటువు వాళ్లు మారతహళ్లి బ్రిడ్జి కింద ఒక్క పూట నిలబడితే ఆ లెక్క తిరగబడేది.

ఈ ఊళ్లో తమ దర్శనం మొదట అయ్యేది దర్శినిలోనే, అంటే నిలబడి తినే టిఫిన్ హోటల్లో. సెట్ దోసె అంటే మెత్తటి చిన్న దోసెలు ఒకదాని మీద ఒకటి మూడు, పక్కన సాగు అనే కూరగాయల కూర, చట్నీ. ఊరి నుంచి కొత్తగా దిగినవాడు తనకొకటి, స్నేహితుడికొకటి అనుకుని రెండు సెట్లు చెప్పి, ఆరు దోసెల ముందు బిక్కమొహం వేస్తాడు. అయినా తమ అర్థాలన్నిట్లో నాకు నచ్చింది ఇదే. డబ్బిస్తే ప్లేటు చేతికొస్తుంది.

మా పీజీ ఓనర్ దగ్గర అలా కాదు. మన కడప వైపాయనే. “మోటారు ఎప్పుడు బాగవుతుందన్నా?” అంటే “సెట్ అయిపోతాదిలే తమ్ముడూ” అంటాడు. ‘చేస్తాను’ అంటే తానే వంగి చేయాలి. ‘చేయిస్తాను’ అంటే జేబులోంచి డబ్బు తీయాలి. ‘సెట్ అవుతుంది’ అంటే రెండూ అక్కర్లేదు, మోటారే మంచిరోజు చూసుకుని తనంతట తాను బాగుపడుతుంది. బడిలో ఎంత చెప్పినా ఎక్కని శూన్య సమితి (ఎంప్టీ సెట్) నాకు ఈయన మాటల్లోనే అర్థమైంది.

ఆఫీసులో “డెడ్‌లైన్ సెట్ చేశాం” అంటే మమ్మల్ని అడగకుండా తేదీ పెట్టేశారని. “నీకు ఈ టీమ్ సెట్ అవ్వట్లేదేమో” అంటే రెజ్యూమె దుమ్ము దులుపుకోమని. మేం ప్రోగ్రాములు రాసే పైథాన్ భాషలో సెట్ అంటే ఒకసారి ఉన్నది మళ్లీ రెండోసారి ఉండకూడదు. అదే నియమం మీటింగుకి పెడితే మా మేనేజర్ మూగబోతాడు: “సర్వర్ సెట్ చేసి, కాల్ సెట్ చేసేస్తే అంతా సెట్!”

ఎంసెట్‌లో ఉన్నది తమరు కాదని నాకు తెలుసు, అది కామన్ ఎంట్రన్స్ టెస్ట్‌కి పొట్టి పేరు. (ఇప్పుడు దాన్ని కూడా ఈఏపీసెట్ చేశారు.) మా ఇంట్లో మాత్రం ఇద్దర్నీ కలిపేసి, ర్యాంకొస్తే జీవితం సెట్ అన్నారు. ర్యాంకొచ్చింది.

ఇప్పుడు పెద్దమ్మ ఫోన్ చేసి “ఏరా, అక్కడ సెట్ అయ్యావా?” అంటుంది. ఉద్యోగం గురించా, తిండి గురించా, ఫ్లాట్ గురించా? అయ్యానంటే “అయితే సంబంధాలు చూస్తాం” అంటుంది. కాలేదంటే “పెళ్లయితే అన్నీ అవే సెట్ అవుతాయి” అంటుంది. సంబంధం సెట్ అయిందంటే ఇంట్లో పాయసం వండుతారు. అదే నేను ఒక అమ్మాయిని సెట్ చేసుకున్నానంటే పెద్దమ్మకి బీపీ మాత్ర వెతకాలి.

కాబట్టి నా మనవి. వచ్చే ఆదివారం కేఆర్ పురంలో పెళ్లిచూపులు. అమ్మాయి నాన్నగారు “బెంగళూరులో సెట్ అయినట్టేనా బాబూ?” అని తప్పకుండా అడుగుతారు. ఆయన మనసులో ఏ అర్థం ఉందో శనివారం లోపు తెలియజేయగలరు. జీతమైతే పేస్లిప్ పట్టుకెళ్తాను. ఫ్లాటైతే ఆ రోజు నాకు జ్వరం.

చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయుడు