సగం ధరకు వచ్చిన టోపీ

మా తోడల్లుడు అట్లాంటాలో ఉంటాడు. ఏ వస్తువైనా సగం ధరకు దొరికిందంటే, అది కావాలా అక్కరలేదా అన్న ప్రశ్న ఆయనకు పుట్టదు. నాస్కార్ అనే అమెరికా కారు రేసుల రారాజు డేల్ ఎర్న్‌హార్ట్ జూనియర్ 2017తో రిటైరవుతున్నాడని, అలబామాలోని టాలడేగా ట్రాక్ మీద ఆయన చివరి రేసు అక్టోబరు 15న అని, అది చూడకపోతే అమెరికాలో ఉండీ దండగేనని చెప్పి టిక్కెట్లు కొన్నాడు. టోపీలు కూడా తానే తెస్తానన్నాడు. అలబామా దాకా ప్రయాణం, పార్కింగు, గేటు దగ్గర సంచుల తనిఖీ, ఇవన్నీ రాస్తే ఇంకో వ్యాసం అవుతుంది. వదిలేస్తున్నాను.

స్టాండులో కూర్చున్నాక సంచిలోంచి ఒక టోపీ తీసి నా నెత్తిన పెట్టాడు. నిఖార్సైన పసుపు రంగు. దాని మీద 18. జూనియర్ కారు నంబరు 88 అని దారి పొడవునా నాకు చెప్పుకొచ్చింది ఈయనే.

"ఇదేమిటి అన్నయ్యా?"

"88వి రెట్టింపు ధర పలుకుతున్నాయి తమ్ముడూ. ఇది సగానికే ఇచ్చాడు. ఒక్క అంకెలో ఏముంది, ఎండ తగలకపోతే చాలదా?"

ఆయన నెత్తిన మాత్రం వాళ్ళ కంపెనీ ఉచితంగా పంచిన టోపీ ఉంది. హాట్‌డాగ్‌లు తెస్తానని లేచి వెళ్ళాడు. రేసు ముగిసే దాకా మళ్ళీ కనిపించలేదు.

ఆ ఒక్క అంకెలో ఏముందో నేను చెబుతాను. 18 అప్పట్లో కైల్ బుష్ అనే మరో డ్రైవర్ నంబరు. 2007 దాకా అతను హెండ్రిక్ జట్టులో ఉండేవాడు. మరుసటి ఏడాది జూనియర్ ఆ జట్టులోకి రావడానికి చోటు కావలసి వచ్చింది. ఖాళీ చేయవలసి వచ్చినవాడు కైల్. 2008 మే నెలలో రిచ్‌మండ్‌లో, రేసు మరి కాసేపట్లో ముగుస్తుందనగా, మొదటి స్థానం కోసం ఇద్దరూ పోటీ పడుతుంటే కార్లు తగులుకుని జూనియర్ వెళ్ళి గోడకు కొట్టుకున్నాడు. గెలుపు క్లింట్ బోయర్ అనే మూడో మనిషి ఎగరేసుకుపోయాడు. ఇది జరిగి అప్పటికి తొమ్మిదేళ్ళు దాటింది. కానీ టాలడేగా స్టాండులో అది నిన్న సాయంత్రం జరిగినట్టే లెక్క.

పైగా టాలడేగా జూనియర్ కుటుంబానికి సొంత ఊరి గుడి లాంటిది. తండ్రి డేల్ ఎర్న్‌హార్ట్ సీనియర్ అక్కడ 10 సార్లు గెలిచాడు, కొడుకు 6 సార్లు. తండ్రి ఆఖరి గెలుపు కూడా అక్కడిదే, 2000 అక్టోబరులో. నాలుగు నెలలు తిరిగేసరికి డేటోనా ట్రాక్ మీద రేసు చివరి చుట్టులో ప్రాణాలు పోగొట్టుకున్నాడు. 2004లో జూనియర్‌ను వెనక్కి నెట్టి జెఫ్ గోర్డన్ గెలిచాడని జనం ట్రాక్ మీదికి బీరు డబ్బాలు విసిరారు. గోర్డన్‌కు కనీసం కారు పైకప్పు అడ్డం ఉంది. నాకు అడ్డం ఉన్నది ఆ టోపీ ఒక్కటే!

చుట్టూ చూస్తే రిటైరవుతున్నది జూనియరా, వీళ్ళా అన్న అనుమానం వస్తుంది. గడ్డాలు నెరిసిన మగవాళ్ళు నల్ల కళ్ళద్దాల కింద కళ్ళు తుడుచుకుంటున్నారు. అతను నాస్కార్‌లో అతి పెద్దదైన కప్ ఛాంపియన్‌షిప్ ఒక్కసారీ గెలవలేదు. మొత్తం గెలుపులు 26. అయినా 2003 నుంచి అప్పటిదాకా అభిమానులు ఓటు వేసి ఇచ్చే జనాదరణ అవార్డు ఏటా అతనిదే. మనిషి పెద్దవాడూ కాదు, ఆ వారమే 43 నిండాయి. తలకు దెబ్బల వల్ల అంతకు ముందు ఏడాది సగం సీజన్ ఇంట్లోనే ఉన్నాడు కాబట్టి, వెళ్ళిపోతున్నాడన్న ఏడుపులోనే, తన కాళ్ళ మీద నడిచి వెళ్ళిపోతున్నాడన్న ఊరట కూడా ఉంది. మరుసటి ఏడాది 88ని నడపబోయే అలెక్స్ బౌమన్ గురించి మా వెనక వరుసలో ఒకావిడ, "పాపం, ఆ కుర్రాడి తప్పేముంది" అంది. తప్పంతా అతనిదే అన్నట్టు ఉంది ఆ గొంతు. తండ్రి మీద మొదలైన అభిమానం కొడుకు మీదికి ఎలా దిగుతుందో తెలుగువాడికి ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు. తేడా ఒక్కటే, మన దగ్గర వారసులు రిటైర్ కారు.

రేసు మొదలైంది. అన్నిటికంటే ముందు నిలబడిన కారు జూనియర్‌దే. స్టాండ్లన్నీ లేచి నిలబడ్డాయి. నేనూ నిలబడ్డాను. నా పక్కన నిలబడిన మనిషి నాకంటే అడుగు ఎత్తు, ముంజేతి మీద జూనియర్ తండ్రిగారి 3 నంబరు పచ్చబొట్టు. ఆయన చూపు ట్రాక్ మీంచి నా టోపీ మీదికి దిగింది.

ఇక్కడ కొంచెం సాంకేతిక విషయం చెప్పాలి. అప్పట్లో టాలడేగాలో ఇంజిన్‌కు అందే గాలిని తగ్గించే ఒక పలక బిగించేవారు. దానివల్ల ఎవరూ ఎవరినీ వదిలించుకుని పారిపోలేరు, 40 కార్లూ ఒకే గుంపుగా తిరుగుతుంటాయి. చుట్టు 2.66 మైళ్ళు, దాదాపు 50 సెకన్లు. గుంపు మన ముందు నుంచి పోయేటప్పుడు మన అరుపు మనకే వినిపించదు. అవతలి వైపుకు వెళ్ళాక ముందు వరుసలో చిప్స్ నమిలే చప్పుడు కూడా వినిపిస్తుంది. కాబట్టి అక్కడ ఏ మాటైనా వాయిదాల మీద నడవాలి.

అలాంటి ఒక నిశ్శబ్దంలో ఆ పెద్దమనిషి ఒక చెవి మీది హెడ్‌ఫోను ఎత్తి, ఎంతో మర్యాదగా అడిగాడు. "బాబూ, ఆ టోపీ తెలిసే పెట్టుకున్నావా?"

ఒక్క మాటలో లేదని చెప్పవచ్చు. అయితే మా ఆఫీసులో ఏటా ఒక శిక్షణ ఉంటుంది. ఎదుటివాడితో ఇబ్బందికరమైన మాట చెప్పవలసి వస్తే, ముందొక మంచి మాట, వెనకొక మంచి మాట పెట్టి, అసలు విషయం మధ్యలో ఇరికించాలట. ఇది నేర్పడానికి టెక్సాస్ నుంచి ఒకావిడ విమానంలో వస్తుంది. ఆవిడ ఎప్పుడూ టాలడేగా చూసి ఉండదు. టోపీ నెత్తిన పడ్డాక ఫోనులో చదివిన సంగతులు గుర్తు చేసుకుని, నలుగురికీ వినిపించేలా నేను మంచి మాటతో మొదలుపెట్టాను.

"కైల్ బుష్ చాలా గొప్ప డ్రైవర్. కాలు విరిగినా 2015లో ఛాంపియన్ అయ్యాడు. కానీ..."

ఆ "కానీ" మీద 40 కార్లు వచ్చిపడ్డాయి.

నా జీవితంలో అంత పొడుగాటి శబ్దం ఇంకొకటి లేదు. కాళ్ళ కింద అల్యూమినియం బెంచి వణుకుతోంది. మా వరుస వరుసంతా నా వైపు తిరిగింది. చిప్స్ నమలడం ఆగింది. ఒక చిన్న పిల్ల తన తల్లి వెనక్కి జరిగింది. నేను సైగలకు దిగాను. టోపీ చూపించి, నాది కాదని చెప్పడానికి గుండె మీద చేయి పెట్టుకున్నాను. అది గాఢమైన ప్రేమలా కనిపించి ఉంటుంది. 88 అని చెప్పడానికి రెండు చేతులూ ఎత్తి ఎనిమిది వేళ్ళు చూపించి, దించి, మళ్ళీ ఎత్తాను. లొంగిపోతున్నాననుకుని వెనకావిడ తల ఊపింది. అరుస్తూనే ఉన్నాను. జూనియర్ అంటే నాకూ అభిమానమేనని, నాకు పసుపు రంగు అంటేనే పడదని, టోపీ నేను కొనలేదని. గుంపు వెళ్ళిపోయింది. శబ్దం పుటుక్కున తెగింది. నా గొంతు మాత్రం అదే స్థాయిలో మిగిలిపోయి, ఆ నిశ్శబ్దంలో స్టాండంతటికీ ఒకే ఒక్క వాక్యం చేరింది.

"మా ఆవిడ అక్క మొగుడు కొన్నాడు!"

పెద్దమనిషి ముఖం మెత్తబడింది. ఆయనకూ అలాంటివాడు ఒకడున్నాడట.

సంతకం దొరికితే చేయించుకుందామని తెచ్చుకున్న లావుపాటి నల్ల పెన్ను తీసి, నా నెత్తి మీదే టోపీని అదిమి పట్టుకుని, 1 మీద కింద ఒకటి పైన ఒకటి సున్నాలు చుట్టి 8 చేశాడు. ఒక సున్నా కొంచెం జారి నుదుటి మీదికి కూడా వచ్చింది. వరుసంతా చప్పట్లు కొట్టింది. ఎవరో బీరు డబ్బా చేతికిచ్చారు, విసరలేదు.

చివర్లో ఒకదాని మీద ఒకటి ప్రమాదాలు. వాటిలో కైల్ బుష్ కారు కూడా చిక్కుకుంది, అప్పుడు చెలరేగిన ఆనందం గురించి రాయను. జూనియర్ అన్నీ తప్పించుకుని ఏడో స్థానంలో వచ్చాడు. గెలిచింది బ్రాడ్ కెసెలోస్కీ. మా వరుసలో ఆ సంగతి పట్టించుకున్నవాళ్ళు లేరు.

పార్కింగు దగ్గర మా తోడల్లుడు దొరికాడు. హాట్‌డాగ్‌లు లేవు. టోపీ చూసి, దాన్ని తిరిగిచ్చేసి డబ్బు వెనక్కి తీసుకోవచ్చని లోపల చీటీ కూడా పీకకుండా ఉంచానని, పాడు చేశావని సణగడం మొదలుపెట్టాడు. అంతలో వెనకనుంచి భుజం మీద ఒక చేయి పడింది. పసుపు చొక్కా, ఛాతీ నిండా 18. అలాంటివాళ్ళు మరో ముగ్గురు ఆయన వెనక నిలబడి ఉన్నారు.

"ఈ నంబరును ఇలా చేసింది ఎవరు?" అని అడిగాడు.

నేను మా తోడల్లుణ్ణి చూపించాను.